పాత థార్ సీఆర్‌డీఈ సాఫ్ట్ టాప్: ఇంటి దగ్గరే రిపేరు, తర్వాత మోడిఫికేషన్. ఏ వరసలో చెయ్యాలి?

చెరువుగట్టు (మలికిపురం)

అందరికీ నమస్కారమండి. ఈమధ్య ఒక 2012 మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (డీజిల్ జీపు) తీసుకున్నాను. ఫోర్ వీల్ డ్రైవ్, సాఫ్ట్ టాప్ (పైన గుడ్డ కప్పు). రొయ్యల చెరువుల మీద తిప్పిన బండి. వెనకాల మేత బస్తాలు, ఏరియేటర్ మోటార్లు వేసుకుని గట్ల మీదే బతికింది. అందుకే చవగ్గా వచ్చింది.

పొద్దున్న స్టార్ట్ చేస్తే నీలం పొగ. కాసేపటికి తగ్గుతుంది. రోడ్డు మీద గేరు మార్చి మళ్ళీ తొక్కితే ఒక్కసారి గుప్పుమని వదులుతోంది. ఇంజనాయిల్ తగ్గుతోంది. ఇక్కడ చూపించిన చోట పొగ చూడగానే "టర్బో పోయిందండి, మార్చేద్దాం" అన్నారు. బానెట్ కూడా ఎత్తలేదు. టాప్ నిండా చిరుగులు, వెనక ప్లాస్టిక్ కిటికీలోంచి ఏం చూసినా పసుపే. డ్రైవర్ కాళ్ళ దగ్గర మ్యాట్ తీసి స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకులోంచి నేల మీదకి దిగిపోయింది.

నా ప్లాన్ ఇదీ: కొత్త టర్బో, కొత్త టాప్, తర్వాత ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్ నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి 105 హార్స్ పవర్‌ని 130 దాకా తీసుకెళ్ళడం, 245 టైర్లు, బండిని రెండంగుళాలు ఎత్తే లిఫ్ట్. కొబ్బరి తోటలో పాక ఉంది, వెల్డింగ్ మెషిన్ ఉంది. పెద్దలు చెప్పండి.

ఫోర్‌బైఫోర్ కాకినాడ

కంగ్రాట్స్ బ్రో! 2010లో ఈ బండి వచ్చినప్పటి నుంచీ నా కల. రీమ్యాప్ తప్పకుండా చేయించు, 247 ఎన్ఎం టార్క్ (లాగే బలం) దాటి 300 దాకా పోతుంది, నడిపితే బండి మారిపోయిందనుకుంటావ్. ఫొటోలు పెట్టు.

డీజిల్ బాబాయ్ (పాలకొల్లు)

అబ్బాయ్, టర్బోకి ఇంకా డబ్బులు కట్టలేదు కదా? కట్టకు.

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని అర్థం, అంతే. అది టర్బోలోంచే వస్తోందని పొగ చెప్పదు. టర్బో అంటే పొగ విసురుకి తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి తోసే రెక్కల చక్రం. ముందు దాంట్లో ఆయిల్ ఎలా తిరుగుతుందో చూడు. షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని మోసేది బేరింగులో ఉండే పల్చటి ఆయిల్ పొరే. ఆ ఆయిల్ పంపు ప్రెషర్ మీద పైనుంచి వస్తుంది. కిందికి దిగేటప్పుడు మాత్రం తోసేవాడెవడూ ఉండడు, తన బరువుకి తనే రిటర్న్ పైపులోంచి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ సంపులోకి జారాలి. షాఫ్టుకి రెండు చివర్లా ఉండేవి రబ్బరు సీళ్ళు కావు, సన్నటి ఇనుప రింగులు. రిటర్న్ పైపు మడ్డి పట్టి సగం మూసుకున్నా, ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీథర్ మూసుకుపోయి సంపులో ప్రెషర్ పెరిగినా, ఆయిల్ కిందికి దిగదు. దారి దొరక్క ఆ రింగులు దాటి ఒకవైపు ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాల్లోకి, రెండోవైపు సైలెన్సర్‌లోకి పోతుంది. టర్బో బాగానే ఉంటుంది, పొగ వస్తుంది. కొత్త టర్బో వేసినా నెలలో మళ్ళీ అదే పొగ. అప్పుడు "డూప్లికేట్ సామాను ఇచ్చారు" అని కొట్టువాడితో గొడవ.

ఇంజన్ పూర్తిగా చల్లారాక గాలి గొట్టం ఊడదియ్యి. షాఫ్టు కొస పట్టుకుని పక్కలకి ఊపు. కొంచెం ఊగితే కంగారు పడకు, ఆయిల్ లేనప్పుడు ఆ బేరింగులు అలాగే ఊగుతాయి. ముందుకీ వెనక్కీ లాగు. అటు చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. తర్వాత టార్చి వేసి రెక్కల అంచులు చూడు. చుట్టూ ఉన్న గోడకి రాసుకుని మెరుస్తూ గీత పడి ఉంటే అప్పుడు మార్చాల్సిందే. లేకపోతే రిటర్న్ పైపు, బ్రీథర్ పైపు విప్పి లోపల చూడు.

ఇంకోటి, ఇది ముఖ్యం. ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్ ఒంపకుండా బండి గట్టిగా తొక్కకు. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌ని పీల్చుకోవడం మొదలెడితే తాళం తీసేసినా ఆగదు, రేస్ పెరుగుతూనే ఉంటుంది. ఒకవేళ అలా జరిగితే టాప్ గేరులో వేసి బ్రేకు తొక్కి క్లచ్ వదిలి చంపాలి. చెయ్యి అడ్డం పెట్టి గాలి ఆపుదామనుకోకు.

ఉప్పుగాలి (అంతర్వేది)

బాబాయ్ గారు ఇంజన్ సంగతి చెప్పారు, నేను ఇనుము సంగతి చెప్తాను. నా మారుతీ జిప్సీ సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటుంది కాబట్టి ఈ విషయంలో నాకు మాట్లాడే హక్కుంది.

చెరువు బండికి తుప్పు పైన కనిపించదు. విండ్‌షీల్డ్ ఫ్రేమ్ అడుగు, తలుపు బందుల వెనక, వెనక చక్రాల పైన రెండు రేకులు కలిసే అతుకు, బాడీ ఛాసిస్ మీద కూర్చునే మౌంట్లు... స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి పట్టుకుని ఇవన్నీ తట్టుకుంటూ రండి. ఖంగుమంటే ఇనుము, డబ్బు డబ్బుమంటే పెయింటు. ఛాసిస్ రైలు లోపల కూడా చూడాలి, సెల్‌ఫోన్ కెమెరాకి లైటు పెట్టి బెజ్జాల్లోంచి వీడియో తియ్యండి.

దేంతో కడుగుతున్నారు అన్నది కూడా చూసుకోండి. మన వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పు. ప్రెషర్ వాషర్ కొన్నాను కదా అని రోజూ బోరు నీళ్ళతో కింద కొడితే ఉప్పు కడిగినట్టు కాదు, పట్టించినట్టు. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది. కాలవలో నీళ్ళు ఉన్నన్నాళ్ళూ కాలవ నీళ్ళే వాడండి. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి ఆ రెండు నెలలూ పంచాయతీ కుళాయి నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి పెట్టుకోవాలి. బీచిలో తిప్పితే అదే రోజు రాత్రి కడగాలి, తెల్లారేదాకా ఉంచకూడదు.

చెరువుగట్టు

మా బోరు నీళ్ళు నాలుక మీద వేసి చూశానండి. పప్పులో వేరే ఉప్పు అక్కర్లేదు 😅

లంకలోడు

చెరువు బండి అన్నారు, వరద బండేమో కూడా చూశారా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు మా లంకల్లో బళ్ళు సీటు దాకా మునిగాయి. తర్వాత శుభ్రంగా కడిగి, పాలిష్ కొట్టి, వేరే మండలంలో అమ్మేశారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. ఎంత కడిగినా రీలు లోపల చుట్టుకున్న బెల్టుని ఎవరూ కడగరు.

చెరువుగట్టు

లాగాను. సగం దాటాక బూడిదరంగు ఒండ్రు గీత ఉంది, పక్క బెల్టుకి కూడా అదే ఎత్తులో. లంకలోడు గారూ, మీకు దండం.

డీజిల్ బాబాయ్ (పాలకొల్లు)

అయితే ముందూ వెనకా డిఫరెన్షియల్స్ (ఇరుసు మధ్య గేర్ల పెట్టెలు), గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు చక్రాలకీ పంచేది), నాలుగింటి ఆయిలూ దింపు. డ్రెయిన్ నట్టు తియ్యకముందే పై ఫిల్లర్ నట్టు ఊడుతుందో లేదో చూసుకో. ఆయిల్ మొత్తం దింపేశాక పైది పట్టేసి ఉంటే బండి అక్కడే కూర్చుంటుంది. పాల టీ రంగులో దిగితే లోపల నీళ్ళు ఉన్నట్టు. ఒకసారి మార్చి, కొన్నాళ్ళు తిప్పి, మళ్ళీ మార్చాలి. డిఫరెన్షియల్ వేడిగా ఉండగా నీళ్ళలోకి దిగితే లోపల గాలి చల్లారి, బ్రీథర్‌లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టం తగిలించి బ్రీథర్‌ని బానెట్ ఎత్తుకి తీసుకెళ్ళు. లిఫ్ట్ కిట్ కంటే మన ఊళ్ళో ఇది ఎక్కువ పనికొచ్చే మోడిఫికేషన్, ఖర్చు ఏమీ లేదు.

కింద దూరేటప్పుడు జాగ్రత్త. తోటలో నేల మెత్తన, జాకీ నిలబడినట్టే ఉండి మెల్లగా దిగిపోతుంది. కింద మందపాటి చెక్క పలక వెయ్యి. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి స్టాండ్లు ఉండాలి. ఇటికలు పేర్చి కింద పడుకునేవాళ్ళని చూశాను. అలా చెయ్యొద్దు.

ఫోర్‌బైఫోర్ కాకినాడ

బాబాయ్ గారూ, ఇవన్నీ సరే, రీమ్యాప్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటండి?

డీజిల్ బాబాయ్ (పాలకొల్లు)

ఫ్లోర్ లేని బండికి పాతిక గుర్రాలు ఎక్కువ కట్టి ఏం చేస్తాం నాన్నా? రాజోలు నుంచి అమలాపురం దాకా 216 హైవే మీద ఎక్కడ తొక్కుతావో చెప్పు ముందు. ఒకపక్క కాలవ, ఒకపక్క కొబ్బరి చెట్టు, మధ్యలో ధాన్యం ఆరబోసుకున్న రైతు.

ఆర్‌సీ పుస్తకం (రాజమండ్రి)

వాహన బీమా పనిలో ఉంటాను కాబట్టి నాలుగు ముక్కలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టంగా చెప్పింది. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ముందు పెద్ద ఇనుప బంపర్ వేద్దామనుకుంటే, 2017 డిసెంబర్‌లోనే కేంద్రం క్రాష్ గార్డులు, బుల్ బార్లు కుదరవని రాష్ట్రాలకి రాసింది. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు మొట్టమొదట వెతికేది ఇలాంటి మార్పులే.

మీ బండి 2012ది. 15 ఏళ్ళు నిండేలోగా ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి పెట్టాలి, తర్వాత అయిదేళ్ళకోసారి. ఛాసిస్ మీద పని చేసేటప్పుడు ఛాసిస్ నంబర్ కొట్టిన చోట గ్రైండర్ తగలనివ్వకండి. తుప్పు వదిలిద్దామని అరగదీసి నంబర్ పోగొట్టుకుంటే ఆ తిరుగుడు అంతా ఇంతా కాదు.

245 టైర్లు అన్నారు కదా, లెక్క చూడండి. కంపెనీ సైజు 235/70 ఆర్16, ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు. 245/75 ఆర్16 వేస్తే సుమారు 774. అంటే 5 శాతం పైన తేడా. మీటరు 80 చూపిస్తున్నప్పుడు మీరు 84లో ఉంటారు. పికప్ కూడా ఆ మేరకు తగ్గుతుంది, కాబట్టి రీమ్యాప్‌తో వచ్చినదాంట్లో కొంత టైర్లే తినేస్తాయి.

ఉప్పుగాలి (అంతర్వేది)

లిఫ్ట్ మాట కూడా చెప్పేస్తాను. దీనికి ముందు టోర్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పని చేసే కడ్డీలు), వెనక కమాన్ పట్టీలు. ముందు బార్లు బిగించి ఎత్తు పెంచడం అరగంట పని, అందుకే అందరూ చేసేస్తారు. కానీ డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు పని చేసే కోణం పెరుగుతుంది, వాటి రబ్బరు తొడుగులు (బూట్లు) చిరుగుతాయి. చిరిగిన బూటులోకి మన ఇసుక, ఉప్పు నీళ్ళు పోతే ఇక జాయింటు సంగతి చెప్పక్కర్లేదు.

దూరపు గోదారి

నమస్కారం. మాది భీమవరం, ఉండేది అమెరికాలో. ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. నా గ్యారేజీలో సాబ్ 900 టర్బో కన్వర్టిబుల్ ఉంది. స్వీడన్ బండి. ఈ కన్వర్టిబుల్ 1986లో వచ్చింది, కంపెనీ 2011లో దివాలా తీసింది. విచిత్రమైన బండి. ఇంజన్ వెనక్కి తిప్పి పెట్టారు, క్లచ్ బండి ముందు వైపు ఉంటుంది, గేర్‌బాక్స్ ఇంజన్ కింద. ఇంజన్ దింపకుండానే క్లచ్ మార్చేయొచ్చు. తాళం చెవి పెట్టే చోటు స్టీరింగ్ దగ్గర కాదు, రెండు సీట్ల మధ్య. మా అమ్మ వచ్చినప్పుడు "తాళం ఎక్కడ పెట్టాలో కూడా తెలియకుండా కొన్నావా" అంది.

టర్బో పెట్రోలు కాబట్టి దీంట్లో ఒక సదుపాయం ఉంది. ఇంజన్‌లో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి కాలడం) మొదలైతే సెన్సరు పట్టుకుని, బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) దానంతటదే తగ్గించేస్తుంది. పెట్రోలు నాసిగా ఉన్నా ఇంజన్ బతుకుతుంది. పాత మోడల్ అయినా ఈ ఆలోచన అద్భుతం. డీజిల్‌కి ఆ కాపలా లేదు. రీమ్యాప్‌లో ఇంధనం ఎక్కువ పోస్తే నల్ల పొగ, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతాయి. పిస్టనూ టర్బో రెక్కా ఆ వేడి మొయ్యాలి.

బూస్ట్ లీకు ఇంట్లోనే పట్టుకునే పద్ధతి చెప్తాను. టర్బోలోకి గాలి వెళ్ళే గొట్టం సైజుకి పీవీసీ ఎండ్ క్యాప్ తెచ్చి, మధ్యలో బెజ్జం కొట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించండి. దాన్ని గొట్టానికి క్లిప్పు వేసి బిగించి, ఇంజన్ ఆపి ఉండగా కంప్రెసర్‌తో నెమ్మదిగా 10 నుంచి 15 పీఎస్‌ఐ ఇవ్వండి. అంతకు మించొద్దు, క్యాప్‌కి ఎదురుగా నిలబడొద్దు. అతుకుల మీద సబ్బు నీళ్ళు కొడితే లీకున్న చోట బుడగలొస్తాయి. ఇంటర్‌కూలర్ గొట్టాల కింద వైపు చెయ్యి పెట్టి తడమండి, పగుళ్ళు అక్కడే దాక్కుంటాయి.

చెరువుగట్టు

అందరికీ అప్‌డేట్.

షాఫ్టు పక్కలకి కొంచెం ఊగింది, ముందుకీ వెనక్కీ ఆట లేదు. రెక్కల మీద గీతలు లేవు. రిటర్న్ పైపు విప్పితే లోపల నల్లటి మడ్డి గట్టిపడి, చిటికెన వేలు దూరేంత సందు కూడా లేదు. బ్రీథర్ పైపు ఊదితే అవతలికి గాలి రాలేదు. రెండూ డీజిల్‌లో నానబెట్టి తీగ బ్రష్‌తో కడిగాను. పైనుంచి ఆయిల్ వచ్చే సన్న పైపు కూడా విప్పాను, అది శుభ్రంగానే ఉంది. ఇంటర్‌కూలర్‌లోంచి ఒక గ్లాసు నిండా ఆయిల్ దిగింది. బాబాయ్ గారు చెప్పకపోతే అలాగే బిగించేసేవాణ్ణి. బిగించేముందు టర్బోలో కొత్త ఆయిల్ పోసి, ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసేసి, స్టార్ట్ అవకుండా సెల్ఫ్ మాత్రం తిప్పాను, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరిపోయేదాకా.

గేరు మార్చినప్పుడు గుప్పుమనే పొగ పోయింది. పొద్దున్న స్టార్టింగ్‌లో మాత్రం ఇంకా కొంచెం వస్తోంది.

వెనక డిఫరెన్షియల్ ఆయిల్ అచ్చం బాబాయ్ గారు చెప్పిన రంగే.

డీజిల్ బాబాయ్ (పాలకొల్లు)

శభాష్. పొద్దున్న కొంచెం వచ్చేది వాల్వ్ స్టెమ్ సీళ్ళు అయ్యుంటాయి. రాత్రంతా బొట్టుబొట్టుగా దిగిన ఆయిల్ పొద్దున్న కాలుతుంది. అది ఇప్పుడు ముట్టుకోకు, ఎంత ఆయిల్ తాగుతోందో రాసి పెట్టుకో. వాడకంలో ఒక్క అలవాటు చేసుకో. బాగా తొక్కి వచ్చాక ఇంటి ముందు టక్కున ఆపకు, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపు. వేడి మీద ఆయిల్ ఆగిపోతే అక్కడే మాడి మడ్డి అవుతుంది. నీకు దొరికిన మడ్డి పాతాయన అలవాటే.

కుట్టుమిషను (తాడేపల్లిగూడెం)

టాప్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనొస్తున్నా. మా ఇంట్లో నాన్నగారి కాలం నుంచీ జీపు టాపులే కుడుతున్నాం.

పాత టాప్ విప్పి అదే కొలతకి కొత్తది కుట్టమంటారు. కుట్టకూడదండి. ఎండకి ఏళ్ళ తరబడి ముడుచుకుని ఉంటుంది, ఆ కొలతకి కుడితే బటన్లు అందవు. పాతది ఆకారం కోసం, కొలత మాత్రం ఫ్రేము మీద తియ్యాలి. అతుకులు ఎటు మడవాలో కూడా చూడాలి. పెంకుటింటి మీద పెంకులు ఎలా సర్దుతారో అలాగే పై ముక్క కింది ముక్క మీదకి రావాలి, నీళ్ళు కుట్టులోకి కాకుండా కుట్టు మీదుగా జారాలి. కుట్టు ఎంత గట్టిగా వేసినా సూది బెజ్జం బెజ్జమే, లోపలివైపు సీలెంట్ రాయాలి. దారం పాలిస్టర్‌ది వాడమనండి. నూలు దారం మన తేమకి రెండు వానాకాలాల్లో పుచ్చిపోతుంది.

బిగించేది మిట్ట మధ్యాహ్నం ఎండలో. టాప్‌ని గంటసేపు ఎండలో పరిచి వేడెక్కాక బిగిస్తే మెత్తబడి సాగుతుంది, చల్లారాక ముడతల్లేకుండా బిగుస్తుంది. చల్లటి పూట బిగిస్తే మే నెలలో వేలాడుతుంది. జిప్పులు ప్లాస్టిక్ పళ్ళవి వేయించండి, ఇత్తడివి ఉప్పు గాలికి పచ్చబడి పట్టేస్తాయి. నెలకోసారి కొవ్వొత్తి రుద్దితే చాలు. బూజు పడితే పెట్రోలు, సర్ఫు పెట్టి తోమకండి, నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడవండి. తడి ఆరకుండా మడిచి పెట్టొద్దు. కిటికీ ప్లాస్టిక్‌ని మడత పెట్టకండి, పాత లుంగీ మధ్యలో వేసి చుట్టండి.

చివరగా, కొబ్బరి తోటలో పాక అన్నారు. పాక బయట, చెట్టు కింద మాత్రం పెట్టకండి. ఎండు మట్ట పడినా టాప్ చిరుగుతుంది. కాయ పడితే టాప్‌తో ఆగదు.

ఉప్పుగాలి (అంతర్వేది)

తుప్పు వైద్యం మిగిలింది. కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు వెయ్యాల్సిందే, దాని మీద పుట్టీ పెట్టి పెయింటు కొట్టడం మోసం. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసెయ్యండి, ఈసీయూ కనెక్టర్ కూడా. ఎర్త్ క్లిప్పు వెల్డు చేసే చోటికి దగ్గరగా పెట్టండి, కరెంటు బేరింగుల గుండా పోకూడదు. పైపై తుప్పుకి తీగ బ్రష్ కొట్టి రస్ట్ కన్వర్టర్, ఆరాక ఎపాక్సీ ప్రైమర్, అతుకులకి సీమ్ సీలర్, తర్వాత పెయింటు. ఛాసిస్ రైళ్ళ లోపల కేవిటీ వ్యాక్సు. తుప్పు మీదే నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టించుకోకండి. పైకి కొత్తగా ఉంటుంది, తడి లోపలే ఉండి తినేస్తుంది.

మా వైపు కొందరు ప్రతి వానాకాలం ముందు కింద వేస్ట్ ఆయిల్ కొట్టిస్తారు. నాకు నచ్చదు. రబ్బరు బుష్‌లూ గొట్టాలూ ఉబ్బిపోతాయి, నేల పాడవుతుంది.

లంకలోడు

మా తాత ట్రాక్టరుకి నలభై ఏళ్ళుగా వేస్ట్ ఆయిలే కొడుతున్నారు. చుక్క తుప్పు లేదు మరి?

ఉప్పుగాలి (అంతర్వేది)

ట్రాక్టరు కింద రబ్బరు ఎంత ఉంటుందండీ! ఛాసిస్ రేకు మందం కూడా చూడండి. పోలిక కుదరదు.

చెరువుగట్టు

పెయింటు పాకలో కొట్టొచ్చా? ఇప్పుడు ముసురు పట్టి ఉంది.

డీజిల్ బాబాయ్ (పాలకొల్లు)

ముసురులో కొడితే తేమ పట్టి పెయింటు తెల్లబారుతుంది. ఇప్పుడు కటింగు, వెల్డింగు, ప్రైమర్ దాకా కానియ్యి. ప్రైమర్ కూడా ఎండ వచ్చిన రోజునే. సంక్రాంతి వెళ్ళాక మంచు తగ్గుతుంది, అప్పుడు పొద్దెక్కాక మొదలెట్టి సాయంత్రం మంచు పడేలోపు ముగించు.

విండ్‌షీల్డ్ ఫ్రేము అడుగు ఎలా ఉందో చెప్పలేదు నువ్వు.

చెరువుగట్టు

రబ్బరు లాగితే కుడివైపు మూల పొడిపొడిగా రాలిందండి. ఎడమవైపు బాగుంది. ఎవరి దగ్గరైనా పాత ఫ్రేము ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను. రీమ్యాప్, లిఫ్ట్ పక్కన పెట్టేశాను. టైర్లు 235లే.

ఫోర్‌బైఫోర్ కాకినాడ

రీమ్యాప్ పూర్తిగా మానేశావా బ్రో? కనీసం 115 దాకానైనా...

డీజిల్ బాబాయ్ (పాలకొల్లు)

కాకినాడ అబ్బాయ్, వదలవు కదా! చెయ్యొచ్చు, తప్పని నేననడం లేదు. ముందు కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) చూడాలి, నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా రావాలి. టార్క్ పెంచితే ఈ బండిలో మొదట జారేది క్లచ్, కాబట్టి ప్లేటు ఎంత మిగిలిందో తెలియాలి. రేడియేటర్ ఫిన్సు చెరువు మట్టితో మూసుకుపోయి ఉంటాయి, అవీ కడగాలి. అప్పుడు మాట్లాడదాం.

మలికిపురం అబ్బాయ్, నా దగ్గర జీపు సామాన్ల కుప్పలో ఒక ఫ్రేము ఉండాలి. ఆదివారం సఖినేటిపల్లి పంటు ఎక్కి నరసాపురం మీదుగా వచ్చెయ్. లేదంటే చించినాడ బ్రిడ్జి మీదుగా రా. నీ ఫ్రేము కొలతలు కాగితం మీద రాసి తీసుకురా, మర్చిపోకు. తలుపు బందుల బోల్టులు రాకపోతే సుత్తి పెట్టి కొట్టకు, డీజిల్ పోసి రెండు రోజులు వదిలెయ్.

చెరువుగట్టు

ఆయ్, వస్తానండి. వెనక డిఫరెన్షియల్‌కి రెండోసారి పొయ్యాల్సిన ఆయిల్ కూడా పాలకొల్లులోనే తీసుకుంటాను.